మా అమ్మాయి పెట్టుకున్న డచ్చి టోపీ

గత నెల ఒక శనివారం పొద్దున్న నేపర్‌విల్‌లో మా వంటింట్లో కూర్చుని గోంగూర ఆకు తుంచుతుంటే మిషిగన్ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో కొత్త గొంతు. ఒకప్పుడు మేం కాపురమున్న ఊళ్ళో, స్కూలు పిల్లలకి పండగ బట్టలు కుట్టే గదిలో ఆవిడ కొత్తగా చేరిందట. పాత కాగితం నమూనాలు సర్దుతుంటే ఒక కవరు మీద 'మగపిల్లల టోపీ' అనీ, దాని కింద నా పేరూ కనిపించాయట. "అద్దాల బీరువాలో పెడుతున్నాం. కింద మీ పేరు రాయాలి. అది సుజాతా, సుయాతా? ఇక్కడి పాతవాళ్ళందరూ సుయాత అనే అంటున్నారు" అంది. స్పెల్లింగ్ చెప్పాను. ఆ టోపీ వెనక కథేమైనా ఉందా అని కూడా అడిగింది. ఉందన్నాను. పొయ్యి మీద పప్పు ఉందని వంక పెట్టి ఫోన్ పెట్టేశాను. ఫోన్లో పది నిమిషాల్లో తేలే సంగతి కాదది.

నన్ను సుయాత అని పిలవడం మొదలుపెట్టిన మనిషి పోయి రెండేళ్ళయింది. డచ్చి వాళ్ళ నోట్లో 'జ' పలకదు, 'య' అవుతుంది. ఆవిడ పేరు హెండ్రికా విస్సర్. మొదటి రోజు నేను 'మిసెస్ విస్సర్' అంటే కళ్ళజోడు పైనుంచి చూసి, "టాంటె రీక్ అను. మా భాషలో టాంటె అంటే మీ పిల్లలు అందరినీ పిలుస్తారే, ఆంటీ, అదే" అంది. నా ఇరవై తొమ్మిదో ఏట, నాకూ మా అమ్మాయికీ మధ్య మాటలు పోయిన చలికాలంలో, ఆవిడ మాకు దొరికింది. దొరికింది అనే అంటాను. వెతుక్కుంటూ వెళ్ళేంత తెలివి అప్పుడు నాకు లేదు.

ఊరు మిషిగన్ సరస్సు ఒడ్డున ఉంటుంది. ఎప్పుడో నూట యాభై ఏళ్ళ క్రితం హాలండ్ నుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్ళది. వీధిలో సగం తపాలా డబ్బాల మీద 'వాన్' అనో 'డి' అనో మొదలయ్యే పేర్లే ఉండేవి. ఆదివారం గడ్డి కోసే మిషను చప్పుడు వినపడేది కాదు, కోస్తే పక్కింటి వాళ్ళు నొచ్చుకుంటారు. మా ఆయన రవి ఆఫీసు కుర్చీలు, బల్లలు తయారు చేసే కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని చేసేవాడు. నాది డిపెండెంట్ వీసా. ఉద్యోగం చేయకూడదు. రెండు నెలలకోసారి మూడు గంటలు డ్రైవ్ చేసి షామ్‌బర్గ్ దాకా వెళ్ళి బియ్యం, కందిపప్పు, కరివేపాకు తెచ్చుకునేవాళ్ళం. పోపు పెట్టే ముందు కోట్ల అల్మారా తలుపు వేయాలి, లేకపోతే ఇంగువ వాసన స్కూలు దాకా వెళుతుంది. రవి తువ్వాలు పట్టుకుని పొగ అలారం కింద నిలబడి విసిరేవాడు. ఆ తువ్వాలు విసరడమే ఆయన పొద్దుటి వ్యాయామం అని నవ్వుకునేవాళ్ళం. అన్నిటికంటే నాకు ఇష్టమైన పని మేఘనకి జడలు వేయడం. చలికాలం కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి ఉండేది. వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించి, దాన్ని కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని రెండు జడలు అల్లేదాన్ని. ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లోనే స్కూలు కబుర్లన్నీ చెప్పేది. ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో, లంచ్‌లో తన పులిహోర చూసి ఎవరు ఏమన్నారో. ముఖం ముఖం చూసుకుంటూ చెప్పని మాటలు జడ వేసేటప్పుడు వస్తాయి.

అంతకు ముందు ఏడాది మార్చిలో మేఘనకి న్యుమోనియా వచ్చింది. అయిదు రోజులు హాస్పిటల్లో ఉంది. మూడో రోజు సాయంత్రం మానిటర్ మీద ఆక్సిజన్ అంకె పడిపోతూ వచ్చింది, నర్సులు పరిగెత్తుకొచ్చారు, నన్ను పక్కకి జరగమన్నారు. గోడకి ఆనుకుని నిలబడి మొక్కుకున్నాను: ఏడుకొండలవాడా, పిల్ల లేచి తిరిగితే తలనీలాలు ఇప్పిస్తాను. పిల్ల లేచి తిరిగింది. డిసెంబరు సెలవలకి ఇండియా వెళ్ళినప్పుడు తిరుమల వెళ్ళాం. కత్తి పట్టుకున్నాయన, "పాపకి మూడు కత్తెర్లేనా తల్లీ, పూర్తి గుండా?" అని అడిగాడు. రవి నా వైపు చూసి, "మూడు కత్తెర్లు చాలదూ? ఎనిమిదేళ్ళ పిల్ల" అన్నాడు. నేను వినలేదు. "మొక్కు మొక్కేనండీ. పూర్తిగా" అన్నాను. మేఘనని ఎవరూ అడగలేదు. దానికి నేను చెప్పిందల్లా, జుట్టు మళ్ళీ వస్తుందిలే అని.

అక్కడ అది ఏడవలేదు. చుట్టూ అందరూ గుండ్లే, చందనం పూసిన గుండ్లు ఎండలో మెరుస్తూ. దాని ఈడు పిల్లలతో ఎవరి తల నున్నగా ఉందని చేత్తో నిమిరి పందెం వేసుకుంది. బందరులో మా ఇంటికి వస్తే చుట్టాలందరూ తల నిమిరి ముద్దు పెట్టుకున్నారు. తిరుగు ప్రయాణంలో షికాగోలో మొదలైంది. ఆ సెప్టెంబరులో న్యూయార్క్ మీద జరిగిన దాడుల తర్వాత విమానాశ్రయాల్లో తనిఖీలు గట్టిగా ఉన్న రోజులు. ఊరికి వెళ్ళే చిన్న విమానం ఎక్కబోతుంటే ఆఫీసరు ఊలు టోపీ తీయమన్నాడు. తీసింది. ఆయన నవ్వి, "గుడ్ బాయ్" అన్నాడు. మేఘన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఏడుపు లేదు అందులో. లెక్క తేల్చుకోవలసిన మనిషిని చూసినట్టు చూసింది.

స్కూల్లో ఆరుబయట ఏ టోపీ అయినా పెట్టుకోవచ్చు, లోపలికి రాగానే తీసేయాలి, అది రూలు. మొదటి రోజు ముగ్గురు పిల్లలు నీకు క్యాన్సరా అని అడిగారట. రెండో రోజు సాయంత్రం ఎదురింటావిడ బంగాళాదుంపలు, చీజ్ వేసి కాల్చిన పెద్ద పాత్ర, దాని మీద ప్రార్థన రాసిన కార్డు పట్టుకుని కళ్ళనీళ్ళతో వచ్చింది. క్యాన్సర్ కాదు, దేవుడికిచ్చాం అని చెప్పడానికి నాకు అరగంట పట్టింది. ఆవిడ మర్యాదగా తలూపింది, పాత్ర మాత్రం వెనక్కి తీసుకెళ్ళలేదు. మూడో రోజు మేఘన కోట్ల అల్మారాలో దూరి తలుపేసుకుంది.

"మేఘా, బయటికి రా నాన్నా. బస్ వచ్చేస్తుంది."

"నేను రాను. స్కూల్‌కి వెళ్ళను."

"జుట్టు వచ్చేస్తుందిరా. నీ కోసమే కదా మొక్కుకుంది."

తలుపు వెనకనించి, దాని అమెరికా యాసలో, ఒక్కో మాటా విడదీసి చెప్పింది: "అది నా హెయిర్, అమ్మా. నువ్వు గాడ్‌కి నీ హెయిర్ ఇవ్వొచ్చు కదా?"

ఆ మాట నాకు అంతదాకా తట్టనే లేదు. తల్లి మొక్కుకుంటే పిల్ల తల ఇవ్వడం మా ఇంట్లో మూడు తరాలుగా జరుగుతున్న పనే. అది తప్పని ఇప్పటికీ అనను. అడగకపోవడం తప్పు. ఆ రోజు నుంచి మేఘన నాతో అవసరమైన మాటలు తప్ప మాట్లాడలేదు. జడలు లేవు కాబట్టి ఆ ఇరవై నిమిషాలూ లేవు. పొద్దున్నే నూనె గిన్నె కోసం చెయ్యి చాచి మళ్ళీ వెనక్కి తీసుకునేదాన్ని.

జనవరి చివర్లో స్కూలు నుంచి కాగితం వచ్చింది. ఆ ఊళ్ళో మే నెలలో ట్యూలిప్ పూల పండగ. స్కూలు పిల్లలందరూ డచ్చి బట్టలు, చెక్క చెప్పులు వేసుకుని ఊరేగింపులో నడుస్తారు. బట్టలు కుట్టడానికి వాలంటీర్లు కావాలి. కుట్టు నాకు వచ్చు. మా పెద్దమ్మ బందరులో పసిపిల్లల కుళ్ళాయిలు కుట్టి అమ్మేది, ఆవిడ మిషను పక్కన పీట వేసుకుని పెరిగాను. ఇంట్లో ఆ మౌనం భరించలేక వెళ్ళాను, అంతే.

కుట్టు గది పాత స్కూలు బిల్డింగు నేలమాళిగలో ఉండేది. మెట్లు దిగుతుంటేనే తడి ఊలు వాసన, కలరా ఉండల వాసన, వాటి మీద కాఫీ వాసన. అరవై అయిదు దాటిన టాంటె రీక్ ఆ గదికి రాణి. పొడుగ్గా, ఎముకలు తేలి, మెడలో కొలత టేపు వేసుకుని ఉండేది. సరిగ్గా పది కొట్టగానే మిషన్లన్నీ ఆగాలి. కాఫీ పోసి, రేకు డబ్బా మూత తీసి, దాల్చినచెక్క బిస్కెట్టు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటే అందరికీ ఇచ్చి, టప్పున మూత వేసేది. రెండోది అడిగినవాళ్ళని ఆ గదిలో నేను చూడలేదు. నేను ఎక్కడినుంచి వచ్చానని అడిగితే, చెప్పినా తెలియదులే అనుకుంటూ మచిలీపట్నం అన్నాను. అక్కడ మీ డచ్చివాళ్ళ సమాధులున్నాయి, రాతి మీద మీ భాషలో అక్షరాలున్నాయి, చిన్నప్పుడు వాటి మీద కూర్చుని రేగుపళ్ళు తినేవాళ్ళం అన్నాను. ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టేసింది. లేచి వెళ్ళి అరమీద నుంచి గుండ్రటి అట్టపెట్టె దించి, దాంట్లోంచి అరచేతిలో పట్టేంత పసిపిల్లాడి టోపీ తీసి లోపలి అస్తరు తిప్పి చూపించింది. తెల్ల నేల మీద ఎర్ర పువ్వులు, నల్ల గీతల తీగలు. అరిగిపోయింది గానీ నేను గుర్తుపట్టాను. మా పెడన అద్దకం లాంటిదే. "దీన్ని మేం సిట్స్ అంటాం. మీ తీరం నుంచే ఓడల్లో వచ్చేది" అంది. మా అమ్మమ్మ ఆ గుడ్డని చీటిగుడ్డ అనేది. సిట్స్, చీటి. ఇద్దరం ఆ రెండు మాటలూ ఒకటికి రెండుసార్లు పలుక్కుని చూసుకున్నాం.

ఆ పెట్టెలు మొత్తం ఆరు ఉండేవి. అన్నీ మగపిల్లల టోపీలే. ఆడవాళ్ళ లేసు టోపీలని అందరూ దాస్తారు, మగపిల్లల టోపీలని ఎవరూ దాయరు, అవి చిరిగేదాకా వాడి పారేస్తారు, అందుకే నేను పోగు చేస్తున్నాను అనేది. ఊళ్ళో ఏ ముసలాయన చనిపోయినా, పెట్టెల్లో టోపీ ఏమైనా ఉందా అని ఆ ఇంటికి ఫోన్ చేసేదట. రోజుకొక పెట్టె విప్పి చెప్పేది. అన్నిటికంటే పాతది నడక నేర్చే పిల్లాడి టోపీ, వాల్‌హూట్. అసలుది కాదు, పాత చిత్రం చూసి తనే కుట్టింది. ఊలు కూరిన లావాటి వలయం, పైన అడ్డంగా రెండు పట్టీలు. పిల్లాడు పడితే తల పగలకుండా. "మా ఊళ్ళో నీళ్ళబిందె కింద పెట్టుకునే చుట్టకుదురులా ఉంది" అని చేత్తో చూపించి చెబితే కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఆ కాలంలో మగపిల్లలకి కూడా అయిదారేళ్ళ దాకా గౌన్లే వేసేవాళ్ళట. పటాల్లో ఎవరు అబ్బాయో, ఎవరు అమ్మాయో తెలియాలంటే ముందు తల చూడాలట. ఈక కుచ్చు ఉన్న టోపీ ఉంటే అబ్బాయి.

మార్కెన్ అనే ఒక చిన్న లంకలో ఆ అలవాటు మొన్నమొన్నటి దాకా ఉందని చెప్పింది. ఆడా మగా పిల్లలకి ఒకేరకం గౌను, ఒకేరకం రంగురంగుల టోపీ. నడినెత్తి మీద గుండ్రటి ముక్క కుట్టి ఉంటే మాత్రం అది మగపిల్లాడి టోపీ. మరో పెట్టెలో చేపలు పట్టే ఊళ్ళ పిల్లల నల్ల టోపీలు, దక్షిణాన జేలాండ్ పిల్లలు ఆదివారం చర్చికి పెట్టుకునే చిన్న గుండ్రటి హ్యాట్లు, రైతుబిడ్డల నల్లపట్టు టోపీ ఉండేవి. పట్నం పిల్లలకైతే ఓ తరంలో రిబ్బను వేలాడే నావికుల టోపీ, ఆ తర్వాత మెత్తటి బెరె, ఆ తర్వాత ముందు చూరున్న టోపీ. దాన్ని వాళ్ళు 'పెట్' అంటారు. "మా నాన్న తల మీద పెట్ లేకుండా గడప దాటి ఎరుగడు. మా అన్న దాటితే మా అమ్మ తిట్టేది. మా అబ్బాయి తల మీద ఏదైనా పెడితే వాడు తిట్టేవాడు. మూడు తరాల్లో టోపీ అయిపోయింది" అంది. ఎవరినైనా మెచ్చుకోవాలంటే 'పెట్యె అఫ్' అంటారట, టోపీ తీశానయ్యా నీకు అని. మా దగ్గర టోపీ పెట్టాడంటే మోసం చేశాడని అర్థం అని చెప్పాను. "మరి మనిద్దరం ఇక్కడ కూర్చుని రోజుకి ఇరవై మందికి టోపీలు పెడుతున్నాం" అంది.

పండగలో మగపిల్లలు పెట్టుకునే నల్ల టోపీ మాత్రం బాగుండేది కాదు. ఒకే సైజు, వెనక ఎలాస్టిక్. చిన్నవాళ్ళకి కళ్ళ మీదికి జారేది, పెద్దవాళ్ళకి నెత్తి మీద బుడగలా నిలబడేది. పెద్దమ్మ దగ్గర కుళ్ళాయి కోత నేర్చుకున్నదాన్ని కాబట్టి ఆరు ముక్కలుగా, మూడు సైజుల్లో కొత్తగా గీశాను. టాంటె రీక్ దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, పాత నమూనాని చెత్తబుట్టలో వేసింది. ఆ దేశానికి వచ్చాక నా చేతికి ఎవరూ అంత మర్యాద ఇవ్వలేదు.

ఫిబ్రవరిలో స్కూలు ఒంటిపూట పెట్టిన రోజు మేఘనని వెంట తీసుకెళ్ళక తప్పలేదు. మెట్ల మీదే దాని ముఖం ముడుచుకుపోయింది. గదిలో హీటరు సెగకి టోపీ తీయక తప్పలేదు. నలుగురు ఆడవాళ్ళూ ఒక్క క్షణం చూసి తలలు దించుకున్నారు. టాంటె రీక్ మాత్రం మెడలో టేపు తీసి, అడక్కుండానే, కాదు, అడిగే, "కొలవొచ్చా?" అని, మేఘన తలూపాక తల చుట్టూ వేసి కొలిచింది. "యాభై ఒకటి. సరిగ్గా నా కొలత, నీ వయసులో. నాకూ జుట్టు లేదు అప్పుడు."

మేఘన తలెత్తింది. "యూ హాడ్ క్యాన్సర్?"

"లేదు. పేలు. యుద్ధం ఆఖర్న మాకు సబ్బు లేదు, తిండి లేదు. ఊళ్ళో పిల్లలందరికీ పేలు. మా అమ్మ గొర్రెల కత్తెరతో కత్తిరించి, నాన్న కత్తితో గీసేసింది. నన్ను అడిగిందనుకున్నావా? లేదు."

"మీకు కోపం రాలేదా?"

"వచ్చింది. చాలారోజులు ఉంది."

"పిల్లలు నవ్వారా?"

"నవ్వారు. రాళ్ళు కూడా వేశారు. అప్పుడు మా అన్న పీటర్, పన్నెండేళ్ళవాడు, వాడి టోపీ తీసి నా తల మీద పెట్టాడు. కళ్ళదాకా దిగింది. ఎవరైనా అడిగితే చలి అని చెప్పు అన్నాడు. వాడు ఆ వసంతమంతా ఉత్త తలతో తిరిగాడు. మా ఊళ్ళో మగపిల్లాడు అలా తిరిగితే సిగ్గు. మాస్టారు అడిగితే, పారేసుకున్నాను అని దెబ్బలు తిన్నాడు."

"ఆ టోపీ ఈ పెట్టెల్లో ఉందా?"

"ఎక్కడ! నా తర్వాత మా పిన్ని కొడుక్కి వెళ్ళింది, వాడి తర్వాత ఎవరికో. మా ఇంట్లో టోపీకి విశ్రాంతి ఉండేది కాదు."

అది పది గంటల వేళ కాదు, పన్నెండు దాటింది, అయినా రేకు డబ్బా మూత తీసింది. మేఘనకి ఒక బిస్కెట్టు ఇచ్చింది. ఒక్క క్షణం ఆలోచించి ఇంకొకటి ఇచ్చింది. గదిలో అందరి మిషన్లూ ఆగిపోయాయి.

ఆ తర్వాత వారం మేమిద్దరమే ఉన్నప్పుడు, పిల్లకి చెప్పని మిగతా సగం నాకు చెప్పింది. యుద్ధం ముగిసిన ఆ వారాల్లో, జర్మను సైనికులతో తిరిగారని కొందరు ఆడవాళ్ళని వీధుల్లోకి లాగి, జనం చుట్టూ మూగి గుండు గీశారు. గుండు అంటేనే ఊరికి ద్రోహం చేసిన ఆడదాని గుర్తు. ఎనిమిదేళ్ళ పిల్లకి ఏం తెలుసు? రాళ్ళు వేసిన పిల్లలకి మాత్రం ఏం తెలుసు, పెద్దవాళ్ళు అరిచిన మాటలే వాళ్ళూ అరిచారు. "మా అమ్మ చివరిదాకా నాతో ఆ మాట ఎత్తలేదు, సుయాతా. పేలు పోవాలి కదా, ఆవిడ చేసింది తప్పు కాదు. కానీ ఒక్కసారి నా పక్కన కూర్చుని, నీకు కష్టమైందా అని అడుగుతుందేమోనని నలభై ఏళ్ళు చూశాను." గుడ్డ మడత పెడుతూనే ఉంది. "నీ కూతురికి ఎనిమిదేళ్ళే. నువ్వు నలభై ఏళ్ళు ఆగక్కర్లేదు."

ఆ రోజు మేఘన బస్సు దిగగానే వంటింట్లో నేల మీద, దాని ఎదురుగా కూర్చున్నాను. ముఖం చూస్తూ చెప్పడం కష్టంగానే ఉంది. "నిన్ను అడక్కుండా నీ జుట్టు ఇచ్చేశాను. నాన్న మూడు కత్తెర్లు చాలు అన్నా వినలేదు. నువ్వు చచ్చిపోతావని భయపడ్డాను. ఆ భయంలో మొక్కుకున్నాను. కానీ నిన్ను అడగాల్సింది. సారీ, మేఘా" అన్నాను. మా ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లలకి సారీ చెప్పగా నేను వినలేదు. అది వేలితో నేల మీద గీతలు గీసింది. "ఐ వాజ్ గోయింగ్ టు డై?" అంది. "ఏమో. నాకు అలా అనిపించింది." "ఓకే" అంది. దాని తల నా ఒళ్ళో పెట్టింది. రెండు నెలల జుట్టు, నా అరచేతికి కొత్తగా మొలిచిన గడ్డిలా తగిలింది. స్కూలు కబుర్లు మొదలయ్యాయి.

ఏప్రిల్లో బట్టలు పంచేటప్పుడు, ఆడపిల్లల తెల్ల లేసు టోపీ కావాలా అని అడిగాను. అది నెత్తినంతా కప్పేస్తుంది, ఎవరికీ తెలియదు. వద్దంది. "పీటర్ టోపీ కావాలి" అంది. నల్లది, మగపిల్లలది. దాంతో నల్ల ప్యాంటు, ఎర్ర మెడగుడ్డ. రవి, "కమిటీ వాళ్ళు ఒప్పుకుంటారంటావా?" అన్నాడు. నిజమే. ఆ ఊళ్ళో పండగ రోజు బట్టలు తనిఖీ చేసే ఆడవాళ్ళు ఉండేవారు. గడియారం, తళుకు చెవిపోగు, గోళ్ళరంగు కనిపిస్తే వరసలోంచి తీసేస్తారు. ఆడపిల్లలకి ఆడపిల్లల బట్టలే అని రూలు. ఇంకో సంగతి టాంటె రీక్ చెప్పింది. ఊరేగింపు వేదిక ముందుకి రాగానే మగపిల్లలందరూ ఒక్కసారి టోపీలు తీసి గుండెకి ఆనించుకోవాలి. మేఘనకి అది విడమరచి చెప్పాను. తెలుసు అంది. ప్రాక్టీసులో చూసిందట.

పండగ రోజు ఎండగా ఉంది, సరస్సు మీది గాలి చల్లగా ఉంది. ముందు కొందరు పెద్దవాళ్ళు బకెట్లు, చీపుళ్ళు పట్టుకుని వీధి కడిగారు, అదీ అక్కడి ఆచారం. పిల్లలు వరసల్లో నిలబడ్డారు. చెక్క చెప్పులు నేల మీద టకటకమంటున్నాయి. తనిఖీ చేసే ఆవిడ కాగితం పట్టుకుని మగపిల్లల వరస వెంట వచ్చింది. మేఘన ముందు ఆగి, మెడగుడ్డ సరిచేసి, "వెరీ హ్యాండ్సమ్, యంగ్ మ్యాన్" అని టిక్కు పెట్టి ముందుకి కదిలింది. గట్టెక్కాం అనుకున్నాను.

"నేను అమ్మాయిని" అంది మేఘన, ఇంగ్లీషులో, వరసంతా వినపడేలా.

ఆవిడ వెనక్కి తిరిగింది. కాగితం చూసింది, మేఘనని చూసింది. "అయితే నువ్వు ఈ వరసలో ఉండకూడదమ్మా" అంది, కటువుగా కాదు, తికమకగా. నేను కదలబోయాను. టాంటె రీక్ నా మోచెయ్యి పట్టుకుని ఆపి తనే వెళ్ళింది. గొంతు పెంచలేదు. "మన తాతల ఊళ్ళో ఆడపిల్లలు మగపిల్లల టోపీలు ఎప్పుడూ పెట్టుకోలేదని నీ రూలు చెబుతోంది. నేను పెట్టుకున్నాను. నా ఎనిమిదో ఏట, ఒక వసంతమంతా. నీకు అచ్చమైన డచ్చి టోపీ కావాలంటే, ఈ వరసలో అచ్చమైనది ఇదొక్కటే."

ఆవిడకి ఆ కథ తెలుసో లేదో నాకు తెలియదు. టాంటె రీక్ ముఖంలో ఏం చూసిందో గానీ, పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, మేఘన టోపీని రెండు చేతులతో కొంచెం వెనక్కి జరిపి, "కళ్ళు కనపడాలి" అని చెప్పి పక్కపిల్లాడి దగ్గరికి వెళ్ళిపోయింది.

వేదిక దగ్గర జనంలో మేం నిలబడ్డాం. మగపిల్లల వరస వచ్చింది, బూర ఊదారు. నలభై టోపీలు ఒక్కసారి లేచాయి. ఎర్రటి, పసుపుపచ్చ జుట్ల మధ్య మా పిల్ల నల్లటి పొట్టి జుట్టు, టోపీ అంచు నొక్కిన గీత చుట్టూరా పడి ఉంది. టోపీ గుండెకి ఆనించుకుని తల నిటారుగా పెట్టి నడిచింది. బెదురు లేకుండా నడిచింది. రవి నా పక్కన ముక్కు చీదుకున్నాడు. టాంటె రీక్ చప్పట్లు కొట్టలేదు. ఆవిడ రెండు చేతులూ కోటు జేబుల్లో ఉన్నాయి, పెదాలు కదులుతున్నాయి. ఏమంటోందో నేను అడగలేదు.

మేం అక్కడ ఇంకో నాలుగేళ్ళు ఉన్నాం. ప్రతి శీతాకాలం ఆ మెట్లు దిగాను. ఇప్పుడు నేపర్‌విల్‌లో మాకు కొదవ లేదు. పది నిమిషాల్లో కరివేపాకు, ఇరవై నిమిషాల్లో గుడి, వీధికి నలుగురు తెలుగువాళ్ళు. పిల్ల గుండుతో స్కూలుకి వెళితే ఎవరూ పాత్ర పట్టుకుని రారు, అందరికీ అర్థమవుతుంది. అప్పుడు మాకు ఆ సౌకర్యం ఉండి ఉంటే, నాకు వివరించవలసిన అవసరమే వచ్చేది కాదు. నేను చేసింది నాకు ఎప్పటికీ కనపడేదీ కాదు. మా వాళ్ళెవరూ లేని ఊళ్ళో, ఎక్కడో సముద్రం అవతల ఇంకొక యుద్ధంలో కష్టపడ్డ మనిషి, తన తల్లి నుంచి తనకి దక్కని మాటని నా కూతురికి ఇప్పించింది. దానికి నేను ఎలా కృతజ్ఞత చెప్పుకోను? మేఘనకి ఇప్పుడు ఇరవై. నాతో అన్నీ చెబుతుంది, కొన్ని వినలేనివి కూడా.

ఇదంతా రాశాక కాలేజీలో ఉన్న మేఘనకి ఫోన్ చేసి చదివి వినిపించాను. దానికి తెలుగు చదవడం రాదు, వింటే మాత్రం అంతా తెలుస్తుంది. చివరిదాకా విని, "అమ్మా, వన్ థింగ్ తప్పు" అంది.

"ఏంటది?"

"నేను టోపీ తీసినప్పుడు బెదురు లేకుండా నడిచాను అని రాశావు. నాకు భయం వేసింది, అమ్మా. లైక్, చాలా. మోకాళ్ళు షేక్ అయ్యాయి. చెక్క చెప్పుల్లో ఎవరికీ కనపడలేదు అంతే."

"మార్చనా?"

"మార్చకు. నువ్వు చూసింది అదే కదా. కానీ కింద ఇది కూడా రాయి."

రాశాను.